3 కిలోవాట్ల సోలార్‌కు రెడీమేడ్ డీసీడీబీ: మూత తీసి చూసి కొనండి

ఇంటి డాబా మీద 3 కిలోవాట్లు పెట్టించుకుంటే మామూలుగా వచ్చేది ‘వన్ ఇన్ వన్ ఔట్’ డీసీడీబీ, అంటే ప్యానెళ్ల డీసీ కరెంటు ఇన్వర్టర్‌కు వెళ్లే దారిలో పెట్టే రక్షణ డబ్బా. పాలీకార్బొనేట్ డబ్బా, అందులో రెండు ఫ్యూజులు, ఒక ఎస్‌పీడీ (పిడుగుల వల్ల వచ్చే అధిక వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించేది). డబ్బాకు వంక పెట్టలేం. ఐపీ65 రకం (దుమ్ము, నీటి జల్లు చొరబడనిది), గ్లాండ్లు (తీగలు లోపలికి వెళ్లే బిగుతు బిరడాలు) కిందివైపు ఉంటే వాననీరు దిగదు. పేచీ లోపలి సరుకుతోనే.

540 వాట్ల ప్యానెళ్లు ఆరు ఒకే స్ట్రింగ్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కలిపి, ఉన్నాయనుకుందాం. షార్ట్ సర్క్యూట్ కరెంటు 14 ఆంపియర్ల లోపే. ఎక్కడ షార్టయినా కరెంటు దాదాపు అంతే, కాబట్టి ఒంటరి స్ట్రింగ్‌లో ఫ్యూజు కాపాడేది ఏమీ లేదు. మూడు, అంతకు మించి స్ట్రింగులు ప్యారలల్‌గా కలిపినప్పుడే దాని పని మొదలవుతుంది. పైగా కొన్ని డబ్బాల్లో 15 ఆంపియర్లది పెడతారు. వేసవి మధ్యాహ్నం ఆ వేడికి అది ఊరికే కొట్టేస్తుంది. ఫ్యూజు ఉండాలంటే దాని రేటింగ్ షార్ట్ సర్క్యూట్ కరెంటుకు ఒకటిన్నర రెట్లు దాటాలి, అంటే సోలార్ కోసమే చేసిన జీపీవీ రకం 25 ఆంపియర్లది. ప్యానెల్ వెనక లేబుల్ మీది గరిష్ఠ ఫ్యూజు రేటింగ్‌ను మాత్రం దాటకూడదు.

నిజంగా కావలసిన ఐసొలేటర్ (లైన్‌ను తెంపే స్విచ్చు) ఈ డబ్బాల్లో చాలావాటిలో ఉండదు. ఫ్యూజు హోల్డర్నే స్విచ్చులా లాగమంటారు. లోడ్ మీద, అంటే కరెంటు పారుతుండగా, లాగితే ఆర్క్ (గాలిలో విద్యుత్ మంట) పుడుతుంది. ఏసీలా డీసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు రాదు, అందుకే ఆ మంట ఆరదు. ఏసీ ఎంసీబీ పెట్టినా ఇదే గతి. డీసీ ఎంసీబీల్లోనూ ప్లస్, మైనస్ గుర్తులున్నవి ఉంటాయి, తిప్పి కలిపితే లోపలి అయస్కాంతం ఆర్క్‌ను ఆర్పే గది వైపు కాకుండా ఎదురు దిక్కుకు నెడుతుంది. పోలారిటీ లేనిదే అడగండి. వోల్టేజీ లెక్క కూడా చూడాలి: ఆరు ప్యానెళ్లకు దాదాపు 300, చలికాలం పొద్దున ఆదిలాబాద్, అరకు వైపు 310 దాటుతుంది. రెండు పోల్స్‌నూ తెంపే 600 వోల్టుల, 25 ఆంపియర్ల డీసీ ఐసొలేటర్ సరిపోతుంది. ఇన్వర్టర్లోనే డీసీ స్విచ్ ఉంటే నయమే, కానీ ఇన్వర్టర్ కింద, ప్యానెళ్లు పైన ఉన్న ఇంట్లో డాబా మీద ఇంకొకటి పెట్టడం మేలు.

సిస్టమ్‌ను ఆపే వరుస: ముందు ఏసీ ఎంసీబీ, తర్వాత ఐసొలేటర్, ఆఖర్న ఫ్యూజు హోల్డర్. ఎండలో ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్ మాత్రం లాగొద్దు.

ఎస్‌పీడీ టైప్ 2, 600 వోల్టులది చాలు. 1000 వోల్టులదైతే ఇంకా మంచిదని అమ్ముతారు గానీ, పిడుగు పడినప్పుడు అది ఇన్వర్టర్ మీదకు ఎక్కువ వోల్టేజీనే వదులుతుంది. ఎస్‌పీడీకి వచ్చే తీగలు, ఎర్త్ తీగ కలిపి అర మీటరు దాటకూడదు. ఉరుముల కాలం ముగిశాక ఎస్‌పీడీ మీద దాని స్థితి చూపే చిన్న కిటికీ ఎర్రగా మారిందేమో చూసుకోండి. మారితే కార్ట్రిడ్జ్ మార్చాలి.

ఏసీ వైపు 20 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ సరి.