డీసీ చెర్రీ పూల ట్రిప్‌కి ముందు బ్లూమ్ వాచ్ చూడండి, తర్వాతే రూమ్ బుక్ చేయండి

ఇది హోటల్ రివ్యూనో టూర్ రివ్యూనో కాదు. వాషింగ్టన్ డీసీలో టైడల్ బేసిన్ అనే చెరువులాంటి జలాశయం చుట్టూ ఉన్న చెర్రీ చెట్లు ఇప్పుడు ఏ స్టేజ్‌లో ఉన్నాయో అమెరికా ప్రభుత్వ పార్కులు చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళు ఒక వెబ్ పేజీలో పెడుతుంటారు, దాని పేరు బ్లూమ్ వాచ్, పూర్తిగా ఫ్రీ. నేను ఒక ఏడాది అది చూడకుండా వెళ్ళాను, ఇంకో ఏడాది చూసి వెళ్ళాను. ఆ రెండు ట్రిప్పులకీ పోలికే లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. దాని ముందు వీకెండ్ అయితే పండగకి కూడా కలిసొస్తుందని జనవరిలోనే రూమ్ తీసేసుకున్నాం, అక్కడ జరిగే చెర్రీ పూల ఫెస్టివల్ ఏప్రిల్ 14 దాకా ఉందిగా, పూలు లేకుండా ఎక్కడికి పోతాయిలే అన్న ధైర్యం. తీరా ఆ సంవత్సరం పీక్, అంటే పూలు నిండుగా పూసే రోజు, మార్చి 17నే వచ్చేసింది. మార్చి చివర్లో ఫ్రెండ్ పంపిన ఫొటోల్లో రేకులన్నీ నేల మీదే ఉన్నాయి, అది చూసి గుండె జారి హోటల్‌కి ఫోన్ చేస్తే డేట్ మారదు, డబ్బులు వెనక్కి రావు అన్నారు. తక్కువకి వస్తుందని క్యాన్సిల్ చేయలేని రేటు మేమే తీసుకున్నాం కదా, ఏం మాట్లాడతాం. నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి దాదాపు ఏడు గంటలు కారులో వెళ్ళాక చూస్తే చెట్లన్నీ లేత ఆకులు. మా పాప ప్రతి చెట్టు దగ్గరా ఆగి "అమ్మా, పింక్ ఏది?" అని అడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

అసలు ఈ పూలకి ఫిక్స్‌డ్ డేట్ అంటూ ఉండదు. మామూలుగా మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం అంటారు కానీ 1990లో మార్చి 15కే పీక్ వచ్చింది, 1958లో ఏప్రిల్ 18 దాకా రాలేదు, అంటే నెలకి పైగా తేడా. ఫిబ్రవరి, మార్చిలో ఎండ ఎలా కాస్తుంది, చలి ఎన్నాళ్ళు ఉంటుంది అన్నదాన్ని బట్టే అంతా. పది రోజుల కంటే ముందు కచ్చితంగా చెప్పడం దాదాపు అసాధ్యమని పార్క్ వాళ్ళే రాశారు, ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది.

పేజీలో ఆరు స్టేజీలు ఉంటాయి. మొదట ఆకుపచ్చ మొగ్గ, తర్వాత అందులోంచి చిన్న పూమొగ్గలు కనపడతాయి, అవి బయటికి సాగుతాయి, ఆ తర్వాత తొడిమలు పొడవవుతాయి, తర్వాత మొగ్గలు తెల్లగా ఉబ్బుతాయి, చివరికి పీక్. పీక్ అంటే యోషినో అనే రకం చెర్రీ చెట్ల పూలలో 70 శాతం విచ్చుకున్న రోజు. మనకి పనికొచ్చేది తొడిమల స్టేజ్, అక్కడి నుంచి పీక్‌కి సుమారు 5 నుంచి 10 రోజులు. ఇంకో విషయం, అక్కడ ఇండికేటర్ ట్రీ అని ఒక చెట్టు మిగతావాటికంటే వారం పది రోజులు ముందే పూసేస్తుంది, దాని ఫొటో ఎవరైనా పెడితే చూసి కంగారుపడి బయల్దేరకండి.

2025లో అమ్మానాన్న ఖమ్మం నుంచి వచ్చి ఉన్నారు. ఈసారి ముందు రోజు దాకా క్యాన్సిల్ చేసుకోగలిగే రూములు రెండు వీకెండ్‌లకి పట్టుకుని, మార్చి మొదటి వారం నుంచి పొద్దున కాఫీ కలుపుకుంటూ ఆ పేజీ చూడటం అలవాటు చేసుకున్నా. తొడిమల స్టేజ్ రాగానే రెండో వీకెండ్ రూమ్ వదిలేశా. మార్చి 28 శుక్రవారం పీక్ అని పెట్టారు, మేం శనివారం పొద్దున్నే అక్కడున్నాం.

చెప్తే నమ్మరు, చెట్టు మీద ఒక్క ఆకు లేదు, అంతా పూలే. దూరం నుంచి లేత గులాబీ రంగు, దగ్గరికెళ్తే దాదాపు తెలుపు, ఒక్కో పువ్వుకి ఐదు రేకులు, రేకు కొసన చిన్న నొక్కు. కోయకూడదు, రూల్ ఉంది, కాబట్టి అమ్మ కింద రాలిన ఒక రేకుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. నాన్న అయితే "మన దగ్గర మోదుగ చెట్టు కూడా ఇంతేనమ్మా, ఆకు రాల్చేసి ఒళ్ళంతా పూస్తుంది" అన్నారు. ఆ మర్నాడే ఉగాది. ఇంటి నుంచి తెచ్చిన ఎండు వేప పువ్వుతో అమ్మ హోటల్ రూమ్‌లోనే పచ్చడి కలిపింది.

ఈ చెట్లని టోక్యో మేయర్ యుకియో ఒజాకి పంపించారు. 1910లో మొదట వచ్చిన 2,000 చెట్లకి పురుగులు, తెగుళ్ళు ఉన్నాయని తగలబెట్టాల్సి వస్తే, జపాన్ వాళ్ళు మనసు కష్టపెట్టుకోకుండా మళ్ళీ 3,000 పైగా పంపారట, 1912 మార్చి 27న మొదటి మొక్కలు నాటారు. నాన్నకి ఇది చెప్తే ఫోన్‌లో ఖమ్మం ఫ్రెండ్స్ అందరికీ చెప్పారు.

పెద్దవాళ్ళతో వెళ్తే ఎనిమిదిలోపు చేరుకోండి, పదయ్యేసరికి అడుగు తీసి అడుగు వేయలేం. పార్కింగ్ ఆశ వదిలేసి మెట్రోలో స్మిత్‌సోనియన్ స్టేషన్‌లో దిగండి, అక్కడి నుంచి పావుగంట నడక, మోకాళ్ళ నొప్పులున్న అమ్మ మధ్యలో రెండుసార్లు కూర్చుంది. గాలి చల్లగా ఉంటుంది, స్వెటర్ తప్పనిసరి. బాత్రూమ్‌లు రూజ్‌వెల్ట్ మెమోరియల్ దగ్గర ఉన్నాయి. గట్టు గోడ రిపేర్ల కోసం 2024లో 140 దాకా చెర్రీ చెట్లు తీసేశారు, మేం వెళ్ళినప్పుడు జెఫర్సన్ మెమోరియల్ వైపు ఫెన్సింగ్ ఉంది, ఫొటోలకి మార్టిన్ లూథర్ కింగ్ మెమోరియల్ వైపు బాగుంది.

బ్లూమ్ వాచ్‌కి నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే, ఫ్లైట్‌లో రావాల్సిన వాళ్ళకి పది రోజుల ముందు తెలిస్తే టికెట్ రేట్లు చుక్కల్లో ఉంటాయి, వాళ్ళకి ఇది పెద్దగా ఉపయోగపడదు. కారులో రాగలిగినవాళ్ళకి మాత్రం దీన్ని మించింది లేదు. ఒకవేళ పీక్ మిస్సయినా రూమ్ క్యాన్సిల్ చేసేయకండి, యోషినో తర్వాత దాదాపు రెండు వారాలకి ఈస్ట్ పొటోమాక్ పార్క్‌లో క్వాంజాన్ అనే ఇంకో రకం చెర్రీ చెట్లు పూస్తాయి, ముద్దగా, ముదురు గులాబీ రంగులో. మా పాప అడిగిన పింక్ అదే.