ఒపినెల్ నంబర్ 8 మడత చాకు: ఏడేళ్ళు వాడాక

మేం ఉండేది హ్యూస్టన్ పక్కన, ఫ్రాన్స్ కంపెనీ ఒపినెల్ వాళ్ళ ఈ చాకు 2018లో కొన్నా, అప్పట్నుంచి రోజూ జేబులోనే ఉంటది. మొదట కార్బన్ స్టీల్‌ది తీసుకున్నా, పదును అదిరిపోద్ది కానీ పుల్ల మామిడికాయ కోస్తే ముక్క నల్లబడి ఇనుము వాసన కొట్టేది, అందుకే స్టెయిన్‌లెస్‌కి మారా. మన వంటకి అదే తీసుకోండి. ఇక్కడి ఉక్కకి చెక్క పిడి ఉబ్బి బ్లేడు బయటికి రాదు, పిడి వెనక చివరని టేబుల్‌కేసి తడితే వచ్చేస్తది.

అసలు చెప్పాలనుకుంది చట్టం సంగతి. బ్లేడు 8.5 సెంటీమీటర్లు, అంటే మూడుంపావు అంగుళాల పైన కొంచెం. టెక్సాస్‌లో దీనితో ఏ ఇబ్బందీ లేదు, 2017 సెప్టెంబర్ నుంచి ఐదున్నర అంగుళాలు దాటిన కత్తులకే చోటుని బట్టి నిషేధం, స్కూలు, కోర్టు, ఆసుపత్రి, ప్రార్థనా స్థలాలు అలా. గుడి కూడా అందులోకే వస్తది కాబట్టి అన్నదానం రోజు కూరలు తరగడానికి ఇంట్లో పెద్ద కత్తి పట్టుకెళ్ళడం నేను మానేశా, మీరూ మానేయండి.

రాష్ట్రం దాటితే లెక్క మొత్తం మారిపోద్ది. కాలిఫోర్నియాలో మడిచి జేబులో పెట్టుకుంటే పర్లేదు, కానీ ఒపినెల్‌కి పిడి పైనుండే రింగు తిప్పితే తెరిచిన బ్లేడు మడవకుండా లాకయిపోద్ది, లాకయ్యే చాకు అక్కడ స్కూలు ఆవరణలోకి తేకూడదు, పిల్లల్ని దింపడానికి వెళ్ళినప్పుడు గుర్తుండాలి. న్యూయార్క్ సిటీలో 4 అంగుళాల లోపే ఉండాలి, పైగా జనానికి కనపడకూడదు, అందుకే ఒపినెల్‌కి జేబు అంచుకి తగిలించే క్లిప్పు లేకపోవడం అక్కడ నాకు మేలైంది. షికాగోలో రెండున్నర అంగుళాలు దాటింది కనపడకుండా జేబులో పెట్టుకుని తిరగకూడదు, అంటే ఇది పనికిరాదు. మా తమ్ముడు అక్కడే ఉంటాడు, వాడింటికెళ్ళేప్పుడు ఒపినెల్‌లోనే చిన్నది, నంబర్ 5 తీసుకెళ్తా, బ్లేడు 6 సెంటీమీటర్లే, లాకు కూడా లేదు.

ఒక చాకు మాత్రం నా మతిమరుపుకి పోయింది, చేతిసంచిలో ఉండిపోతే ఎయిర్‌పోర్టు చెకింగ్‌లో వదిలేసి రావాల్సొచ్చింది, మూడేళ్ళు వాడి చేతికి అలవాటైన పిడి, చాలా బాధేసింది. విమానమైతే చెకిన్ లగేజీలోనే పెట్టండి, బ్లేడుకి ఏదైనా చుట్టి. ఇప్పుడు నేను బట్టలకంటే ముందు దాన్నే సర్దుతున్నా.