రసవాదం: మంత్రమా, శాస్త్రమా?

ఫాంటసీ లోకంలో రసవాదం, అంటే లోహాన్ని బంగారంగా మార్చే, అమృతాన్ని తయారుచేసే విద్య, మంత్రమైతే రాయడం సులువు. చేసేవాడి పుట్టుక, నోటి మాటే అంతా. అదే మూలిక ఇంకొకరి చేతిలో పనిచేయదు. గురువు పోతే విద్యా పోతుంది.

శాస్త్రమైతే కొలతలు కుదిరితే చాలు, ఎవరు చేసినా ఫలితం ఒకటే. అప్పుడు ఆ విద్యను దొంగిలించవచ్చు, అమ్మవచ్చు, నిషేధించవచ్చు. కథకు అక్కడ బోలెడంత ప్రాణం ఉంది. నా ఓటు దీనికే.

పాదరసం ఉండే ఎర్రటి ఖనిజం ఇంగిలీకాన్ని బాగా వేడిచేసి, వచ్చే ఆవిరిని చల్లారిస్తే పాదరసం వెండి బొట్లుగా చేరుతుంది. 1669లో జర్మన్ రసవాది హెన్నిగ్ బ్రాండ్ బంగారం కోసం మూత్రాన్ని మరిగించి మరిగించి, చీకట్లో మెరిసే ఫాస్ఫరస్‌ను కనుక్కున్నాడు. నిజంగా జరిగినదే ఇంత గగుర్పాటు కలిగిస్తుంటే మంత్రదండం ఎందుకు?

ఒక్క అమృతాన్ని మాత్రం మంత్రానికే వదిలేస్తాను. చావును జయించే మందుకు కొలతలు రాస్తే నాకే నమ్మబుద్ధి కాదు.