పన్నెండేళ్లుగా ఫిల్ము రీళ్లు దాస్తున్న డీప్ ఫ్రీజర్: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

ఈ పెట్టెకు మూత పైన ఉంటుంది. ఎవరడిగినా నేను మొదట చెప్పే గొప్ప అదే. ఎన్ని లీటర్లు, ఎన్ని స్టార్లు అన్న సంగతి షాపువాళ్లు చెబుతారు, వదిలేద్దాం.

చల్లగాలి బరువు, కిందికి దిగుతుంది. నిలువు ఫ్రిజ్ తలుపు తీస్తే ఆ చల్లదనమంతా మన పాదాల మీదకు జారిపోతుంది. ఈ పెట్టె మూత ఎత్తితే మాత్రం బావిలో నీళ్లలా కదలకుండా ఉంటుంది. అంతకుముందు నా కెమెరా ఫిల్ము రీళ్లు పాడవకుండా చలిలో ఉండాలని ఇంట్లో రెండు తలుపుల ఫ్రిజ్ పై అరలో ఉండేవి. మంచు పేరుకోని రకం అది. మంచు పేరుకోకూడదంటే లోపల చిన్న హీటరు అప్పుడప్పుడు పనిచేసి ఆ మంచును కరిగించాలి. బఠాణీలకు ఫర్వాలేదు గానీ, ఏళ్ల తరబడి ఉండాల్సిన ఫిల్ముకు ఆ ఎక్కుదిగుళ్లు ఎందుకని 2013లో ఒక ఐస్‌క్రీం దుకాణం ఎత్తేస్తుంటే ఈ పెట్టె సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాను. లోపల థర్మామీటరు మైనస్ 18 దగ్గర నిలబడింది. నాకు కావలసింది అదే.

అంత సరుకు ఎందుకంటే, నా ఫోటో స్టూడియో డిజిటల్‌కి మారినప్పుడు చుట్టుపక్కల వాళ్లూ మారారు. మిగిలిపోయిన రీళ్లు ‘నువ్వే ఉంచుకో గురూ’ అని ఇచ్చేశారు. కోనికా వాళ్లు ఫిల్ము మానేస్తున్నామని 2006లో ప్రకటించాక మిగిలిన కలర్ రీళ్లు, ట్రై-ఎక్స్, హెచ్‌పి5 అనే బ్లాక్ అండ్ వైట్ రీళ్లు, ఇంట్లో చీకట్లో కోసుకుని చుట్టుకునే 100 అడుగుల డబ్బాలు. ఊటీలో తయారైన ఇందూ రీళ్లు రెండు ఉన్నాయి. అవి వాడను, ఊరికే చూసుకుంటాను.

ఇక అసలు కథ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగి మనుషులు పోయారు. దాని ముందు నా రీళ్ల గోల ఎంతని చెప్పుకోను గానీ, ఇది ఫ్రీజరు సమీక్ష కాబట్టి చెబుతున్నాను. మా వీధిలో స్తంభాలు ఒరిగిపోయాయి. కరెంటు వచ్చింది తొమ్మిదో రోజున.

పెట్టెలో ఖాళీ ఉన్నచోటల్లా నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టడం నాకు అలవాటు. కరెంటు పోగానే మూత మీద రెండు బొంతలు కప్పి, ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో చెప్పేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు కూడా. మూడో రోజు పొద్దున్నే పక్కింటి పిన్నిగారు ఇన్సులిన్ సీసాలు చేతిలో పట్టుకుని వచ్చారు. వాళ్ల ఫ్రిజ్ ఎప్పుడో గది వేడికి వచ్చేసింది. ‘నాయనా, మీ పెట్టెలో ఇంకా చలి ఉందా?’ అన్నారు.

ఉంది. అడుగున సీసాల్లో సగం ఇంకా గడ్డగానే ఉన్నాయి. కానీ ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు కదా, అందుకని పాత తువ్వాలులో చుట్టి, పైన వేలాడే తీగబుట్టలో, మంచు సీసాలకు తగలకుండా పెట్టాను. ఆ రోజు నుంచి మూత పూటకోసారి తెరుచుకుంది. నా రీళ్లకు అది నష్టమే. పిన్నిగారి ముఖం చూశాక లెక్క వేసుకోలేదు.

ఆరో రోజుకి లోపల మొత్తం కరిగిపోయింది. వేడి వల్ల రీళ్లకు పెద్ద హాని జరగలేదు. నన్ను దెబ్బ తీసింది నీళ్లు. అయిదేళ్లుగా గోడలకు పేరుకున్న మంచంతా కరిగి అడుగుకు దిగింది. ఈ పెట్టెకు అడుగున నీళ్లు వదిలే బిరడా ఒకటి ఉంది. దాన్ని నేను గోడవైపు పెట్టి, ఉన్నదన్న సంగతే మరిచిపోయాను. కరెంటు వచ్చాక ఖాళీ చేస్తే వేలెడు లోతు నీళ్లలో అట్టపెట్టెలు పేలాల్లా ఉబ్బి తేలుతున్నాయి.

డబ్బాల్లో ఉన్న 35 ఎం.ఎం. రీళ్లు, జిప్ కవరులో సిలికా జెల్‌తో పెట్టినవి బాగానే ఉన్నాయి. 120 సైజు రోల్ ఒకటి మోసం చేసింది. దాని ఫాయిల్ కవరుకి ఎక్కడో సూదంత కన్నం పడి ఉండాలి. ఆ రోల్ మీద చుట్టే కాగితం తేమను పీల్చుకుంది. నాకు తెలియక దాన్నే శివరాత్రి జాతరకు మహేంద్రగిరికి తీసుకెళ్లాను. ఫిల్ము కడిగి లైటు ముందు పట్టుకుంటే కొండ పైన ఆకాశంలో 7 అంకె, దాని చుట్టూ మశూచి మచ్చల్లాంటి చుక్కలు. వెనక కాగితం మీద అచ్చేసిన ఫ్రేము నంబరు ఫిల్ము మీదకు దిగిపోయింది. ఆ ఫోటో ఇప్పటికీ గోడకు తగిలించే ఉంది.

మిగతావి? 100 స్పీడు (అంటే కాంతికి స్పందించే వేగం) రీళ్లలో నాకు తేడా కనిపించలేదు. 400 స్పీడువి కొంచెం పొగ పట్టినట్టు బూడిదరంగు తిరిగాయి. అది తిత్లీ పనో వయసు పనో చెప్పలేను. అంతరిక్షం నుంచి పడే కిరణాలను ఏ ఫ్రీజరూ ఆపదు, స్పీడు ఎక్కువ ఉన్న ఫిల్ము వాటికి ముందే లొంగుతుంది. 3200 స్పీడు రీళ్లు దాచడం మానేశాను, కొన్న ఏడాదే వాడేస్తాను. మేనకోడలి పోలరాయిడ్ ప్యాకెట్లు అసలు ఇందులో పెట్టకూడదు. వాటిలో ఉండే రసాయనం గడ్డకడితే ఇక అంతే. అవి మామూలు ఫ్రిజ్‌లోనే ఉంచుతాం.

రీలు బయటికి తీశాక వెంటనే కవరు విప్పకండి. వానాకాలంలో నేను సగం రోజు వదిలేస్తాను. ఒకసారి తొందరపడి విప్పితే ఫిల్ము నాలుక మీద మంచు బిందువులు కనిపించాయి.

మూత పైనుండటం గొప్పని మొదట అన్నాను. ఇప్పటికీ అంటాను. కానీ అడుగున ఉన్న రీలు కావాలంటే పైవన్నీ బయటపెట్టి నడుం వంచాలి, నా నడుం ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. మంచు కరిగితే నీళ్లు పోయే దారి ఆ ఒక్క బిరడాయే. ఇప్పుడు పెట్టెను తిప్పి బిరడా ముందుకు వచ్చేలా పెట్టాను, అడుగున ప్లాస్టిక్ క్రేటు బోర్లించి దానిమీద రీళ్లు పెడుతున్నాను. ఏడాదికోసారి మంచు నేనే కరిగిస్తున్నాను.

పది పదిహేను రీళ్లు ఉన్నవాళ్లు ఇది కొనకండి, ఇంటి ఫ్రిజ్‌లో వెన్న పెట్టే అర చాలు. నాలా వందల్లో ఉండి, కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఒకరు ఉండి, బిల్లు గురించి అడిగే మనిషికి సమాధానం చెప్పుకోగలిగితే సరే. ఈ వేసవికి మా ఇంట్లో ఆ బిల్లు అడిగే ఆమే సగం పెట్టె పంచుకుంది. క్రేటుకి అవతల ఇప్పుడు చేపలు.