ఛాంపియన్ కోచా, పతకం లేని కోచా?

విశాఖ బీచ్ రోడ్డులోని ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో పిల్లలను ఈత నేర్చుకునేందుకు చేర్పించదలచిన తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్న ఇది.

భారత ఈత ఛాంపియన్ నిషా మిల్లెట్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఈది, తరువాత బెంగళూరులో అకాడమీ స్థాపించి కోచ్ అయ్యారు. స్టార్టింగ్ బ్లాకు మీద కాళ్లు వణకడం, చివరి ల్యాపులో భుజాలు బరువెక్కడం స్వయంగా ఎరిగినవారి మాటకు పిల్లల్లో సహజంగానే గురి కుదురుతుంది. అయితే చిన్ననాడే శరీరానికి అబ్బిన నైపుణ్యాన్ని, అది అబ్బని పిల్లవాడికి విడమరిచి చెప్పడం అందరు విజేతలకూ చేతకాదు.

అమెరికన్ ఈత కోచ్ బాబ్ బోమన్ కళాశాల స్థాయి ఈతగాడే గాని, ఒలింపిక్ పతకం గెలిచినవాడు కాదు. అయినా ఆయన శిక్షణలో ఎదిగిన మైకేల్ ఫెల్ప్స్ 23 స్వర్ణాలతో సహా 28 ఒలింపిక్ పతకాలు సాధించాడు. ఇలాంటి కోచ్ బలమంతా పరిశీలనలోనూ, ఏళ్ల తరబడి సాగే ప్రణాళికలోనూ ఉంటుంది.

నా మట్టుకు, ఊపిరి వదలడం, నీటిపై తేలడం నేర్చుకునే పసివాడికి ఓర్పుగల రెండో రకం కోచే మేలు. పోటీల దశకు చేరిన పిల్లలకు మాత్రం మొదటి రకం అనుభవం విలువైనది. కోచ్‌ను ఎంచుకునే ముందు గోడకున్న పతకాలను కాక, ఆయన వెనుకబడిన పిల్లవాడిని సరిదిద్దే తీరును ఒక పూట గట్టున కూర్చుని చూడండి.