శాంపిల్ కార్డులో ఆ ఒక్క ‘ఎల్’: ఎనిమిదేళ్లు జేబులో పెట్టుకున్నాక

అంబులెన్సులో ఈఎంటీగా (దారిలో రోగికి అత్యవసర వైద్యం చేసే టెక్నీషియన్‌గా) చేరిన కొత్తలో, ట్రైనింగులో ఇచ్చిన కాగితాన్ని తిరుపతిలో ఒక జిరాక్సు షాపులో చిన్నది చేయించి, లామినేషన్ కొట్టించి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఒకవైపు శాంపిల్ (రోగి గురించి అడగాల్సిన ఆరు ప్రశ్నలు), ఓపీక్యూఆర్‌ఎస్‌టీ. ఇంకోవైపు ఏవీపీయూ (స్పృహకు), ఫాస్ట్ (పక్షవాతానికి), డీక్యాప్ బీటీఎల్‌ఎస్. అన్నీ అడగాల్సినవి, చూడాల్సినవి గుర్తుండటానికి ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో కట్టిన మాటలు. చెమటకు అంచులు విచ్చుకుని రెండు కార్డులు పోయాయి, ఇప్పుడున్నది మూడోది. ఏ అక్షరం దేనికన్నది ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చు, మళ్లీ అప్పజెప్పను. నేను చెప్పాలనుకున్నది శాంపిల్‌లో ఐదో అక్షరం గురించి. ఎల్. రోగి చివరిసారి నోట్లోకి ఏం తీసుకున్నాడు, ఎప్పుడు తీసుకున్నాడు అన్న ప్రశ్న.

మొదట్లో ఆ అక్షరాన్ని నేను అసలు పట్టించుకోలేదు. కడుపులో తిండి ఉండగా మత్తు ఇస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఆపరేషన్ చేసేవాళ్లకు అది కావాలని క్లాసులో చెప్పారు. అంటే అది ఆసుపత్రి వాళ్ల ప్రశ్న, రోడ్డు మీద నాకెందుకులే అనుకున్నాను. ఫారంలో గడి ఉంది కాబట్టి అడిగేవాణ్ణి, జవాబు పూర్తిగా వినకుండానే రాసేసేవాణ్ణి.

నా అభిప్రాయం మారింది ఒక పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారం. ఆ నెల శనివారాల్లో కొండకు నడిచి వెళ్లే జనం ఎలా ఉంటారో తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఊపిరి సలపనివ్వని ఎక్కుడు, ఆ తర్వాత కొంత చదును, ఒకచోట మెట్ల దారి ఘాట్ రోడ్డు పక్కకే వస్తుంది. మా బండి అక్కడికి చేరేసరికి అరవై దాటిన ఒక పెద్దాయన్ని నలుగురు పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టి ఉన్నారు. అల్లుడు నీళ్ల బాటిల్ మూత తీసి నోట్లో పోయబోతున్నాడు. ముందు ఆ చెయ్యి పట్టుకుని ఆపాను, మగతగా ఉన్న మనిషికి నోట్లో ఏం పోసినా ఊపిరి దారిలోకి పోవచ్చు.

“మూతి చూడు నాయనా, పక్కకు పోతోంది” అంది ఆయన భార్య.

నిజమే. మూతి ఎడమవైపు జారింది. రెండు చేతులూ ముందుకు చాపమంటే ఎడమ చెయ్యి లేవలేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఫాస్ట్‌లో ముఖం, చెయ్యి, మాట మూడూ కలిశాయి. చుట్టూ ఉన్నవాళ్లు పక్షవాతం అంటున్నారు, నా మనసులోనూ అదే. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. స్ట్రెచర్ ఎక్కించి బండి దించెయ్యాలన్న తొందర తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు. పైలట్ (మా బండి నడిపే అతను) వెనక డోర్ తీసి పట్టుకుని ఉన్నాడు.

అయినా అలవాటు కొద్దీ, స్ట్రెచర్ తోస్తూనే ఆమెను అడుగుతూ పోయాను. ఏవైనా పడవా? లేదు. ఏం మందులు వాడతారు? షుగర్‌కు, బీపీకి. ఇంతకు ముందు ఇలా వచ్చిందా? లేదు. చివరగా ఏం తిన్నారమ్మా?

“శనివారం గదా నాయనా. సామిని చూసేదాకా పచ్చి నీళ్లే.”

“రాత్రి?”

“రాత్రీ లేదు. నిన్న మధ్యాన్నం తిన్న సంగటే.”

“మరి పొద్దున షుగర్ బిళ్ల?”

“అది వేసుకున్నాడు. బిళ్ల ఒక్కరోజు కూడా మానకూడదని డాక్టరు చెప్పినాడు గదా.”

అప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. అన్ని మెట్లు ఎక్కినవాళ్లకు చెమట పట్టడం మామూలే, అందుకే అంతదాకా ఆ చెమటను నేను లెక్కలోకి తీసుకోలేదు. కానీ మెట్లెక్కి వచ్చినవాళ్ల ఒళ్లు వేడిగా ఉంటుంది. ఈయన చెయ్యి తడిగుడ్డలా చల్లగా ఉంది. వేలికి సూది గుచ్చి స్ట్రిప్ పెడితే షుగర్ మిషన్ మీద 38 అని వచ్చింది. 70 కంటే తగ్గితేనే ప్రమాదం అంటాం. షుగర్ అంతగా పడిపోయినా మనిషి పక్షవాతం వచ్చినట్టే కనబడొచ్చు.

నరానికి కాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టి, ఫోన్‌లో మా డాక్టరుతో మాట్లాడి, 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు నీళ్లు) ఎక్కించాను. కొన్ని నిమిషాలకు ఎడమ చేతి వేళ్లు దుప్పటి అంచును పట్టుకోవడం కనిపించింది. ఆ తర్వాత మూతి సర్దుకుంది. కళ్లు విప్పి, మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, స్పష్టంగా “ఇంకా ఎన్ని మెట్లుండాయి?” అని అడిగాడు. భార్య అక్కడే ఏడ్చేసింది. నాకూ గొంతు పట్టేసింది, పైలట్ ముందు కనబడకూడదని సెలైన్ బాటిల్ సర్దుతున్నట్టు అటు తిరిగాను.

కథ అక్కడితో అయిపోలేదు. ఆయనకు బాగైంది కాబట్టి నడిచి కొండెక్కుతానని పట్టు. మందుల సంచి తెరిచి చూస్తే గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్ల ఉంది. ఆ రకం బిళ్ల ప్రభావం రోజంతా ఉండవచ్చు. ఎక్కించిన గ్లూకోజు ఖర్చయిపోగానే షుగర్ మళ్లీ పడిపోవచ్చు. “బిళ్ల ఇంకా లోపల పనిచేస్తానే ఉందమ్మా, ఇంకో వంద మెట్లెక్కాక పడిపోతే పట్టుకునేవాళ్లుండరు” అని ఆమెకు చెప్పాను. ఆమె ఒక్క క్షణం కొండవైపు చూసి, భర్తతో “సామి యాడికీ పోడు. పద ఆస్పత్రికి” అంది. అంతే, బండి ఎక్కాడు.

ఆ రోజు నుంచి కార్డు మీద ఎల్ కింద ఎర్ర పెన్నుతో గీత ఉంది. కార్డు మారినప్పుడల్లా మళ్లీ గీస్తాను.

అయితే ఆ ఘనతంతా ఎల్‌దే అంటే న్యాయం కాదు. స్పృహ తేడాగా ఉన్న ఎవరికైనా శాంపిల్ మొదలుపెట్టక ముందే షుగర్ చూడాలి. ఏబీసీ (ఊపిరి దారి, శ్వాస, రక్తప్రసరణ) తర్వాత డీఈఎఫ్‌జీ అని, ‘డోంట్ ఎవర్ ఫర్‌గెట్ గ్లూకోజ్’ అని మాకు నేర్పిందే. పక్షవాతం అన్న తొందరలో నేను దాన్ని దాటేశాను, ఎల్ నన్ను వెనక్కి లాగింది. వరస తప్పకుండా పనిచేసేవాళ్లకు ఆ 38 ముందే కనబడి ఉండేది. కాకపోతే ఆ అంకె ఎందుకు పడిందో, మళ్లీ పడుతుందో లేదో మిషన్ చెప్పదు. ముందురోజు మధ్యాహ్నం నుంచి తిండి లేదు, బిళ్ల మాత్రం పడింది అన్న సంగతి అడిగితేనే బయటికొస్తుంది. అందుకే గీత చెరపలేదు.

ఇంకో చిక్కు మన మాటలతో. ఎల్‌ను మామూలుగా “అన్నం తింటిరా?” అని అడిగితే మా చిత్తూరు వైపు వచ్చే జవాబు అన్నం గురించే. నాలుగు ఇడ్లీలు తిని, రెండు గ్లాసుల కాఫీ తాగిన మనిషి కూడా “ఇంకా ఏమీ తినలేదు సార్” అంటాడు. టిఫిన్ మనకు తిండి లెక్కలోకి రాదు కదా. ఇంకొందరు మర్యాదకు అడిగారనుకుని “ఆ, అయింది సార్” అనేస్తారు. అందుకే ఇప్పుడు “నోట్లోకి చివరగా ఏం పోయింది, టైమెంత?” అని అడుగుతున్నాను. వినడానికి మొరటుగా ఉన్నా కాఫీ, మాత్ర, కిళ్లీ అన్నీ బయటికొస్తాయి. తమిళనాడు భక్తులైతే “సాప్టాచ్చా?” (తిన్నారా?) దగ్గర ఆగకుండా ఏం, ఎప్పుడు అని కూడా అడగాలి.

ఎల్ మీద అతి నమ్మకం పెట్టుకుని ఇబ్బంది పడింది మాత్రం ఒక మామిడి తోటలో. ముప్పై ఐదేళ్ల మనిషి, వాంతులు, విపరీతమైన చెమట, నోట్లోంచి చొంగ. ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ అన్నారు. ఎల్ అడిగితే పదిగంటలకు సంగటి, పప్పు అన్నారు. అదే తిండి ఇంకెవరు తిన్నారు, వాళ్లకేమైనా అయిందా అంటూ నేను ఆ దారిలో పడిపోయాను. మధ్యలో ‘ఎం’ (వాడే మందులు) అడగబోయి “మందు ఏమన్నా తీసుకున్నాడా?” అన్నాను. భార్యకు కోపం వచ్చింది. “మా ఆయనకు ఆ అలవాటు లేదు” అంది. ఆమెకు వినబడింది సారాయి. నేను అడిగింది మాత్రలు. అసలు కారణం మూడో మందు. పొద్దున్నుంచి అతను చెట్లకు పురుగుమందు కొడుతున్నాడు, చొక్కా వీపంతా తడిసి ఉంది. ఆ వాసన పట్టింది మా పైలట్. కనుపాపలు చూస్తే సూదిమొనంత ఉన్నాయి. చొక్కా విప్పించి, ఒళ్లు నీళ్లతో కడిగి, ఫోన్‌లో డాక్టరు చెప్పినట్టు చేస్తూ తీసుకెళ్లాం. కోలుకున్నాడు.

ఆ విషం నోటి ద్వారా పోలేదు, చర్మం మీదుగా, ఊపిరితో పోయింది. ఎల్‌ను ఎంత బాగా అడిగినా దొరికేది కాదు. దొరకాల్సింది ఆఖరి అక్షరం ‘ఈ’ దగ్గర, అంటే ఇది రాకముందు ఏం చేస్తున్నాడు అన్న ప్రశ్న దగ్గర. ఇష్టమైన అక్షరం దగ్గర ఆగిపోయి నేను ఆ ప్రశ్న దాకా వెళ్లలేదు. అప్పటి నుంచి ‘మందు’ అన్న మాటనే మానేశాను. మాత్రలు, సారాయి, పురుగుమందు అని మూడింటినీ విడివిడిగా అడుగుతాను.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. ఏవీపీయూ నాకు బాగా పనికొస్తుంది, పిలుపుకు పలికాడా, నొప్పికి కదిలాడా అన్నది క్షణాల్లో తేలిపోతుంది. స్పృహను అంకెల్లో కొలిచే గ్లాస్గో స్కోరు 15కు ఎంత అన్నది బండి కదిలాక లెక్కేసుకుంటాను. డీక్యాప్ బీటీఎల్‌ఎస్ ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అక్షరాల వరసలో వాడలేదు. యాక్సిడెంట్ కేసులో తల నుంచి కాళ్ల దాకా చేతులే పోతాయి. ఓపీక్యూఆర్‌ఎస్‌టీలో నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగే ఎస్ మన అవ్వల దగ్గర పనిచెయ్యదు. ఒక అవ్వ “నొప్పికి మార్కులేంది నాయనా” అని నావైపు జాలిగా చూసింది. “రూపాయికి ఎన్నణాలవ్వా?” అని మార్చి అడిగితే, తడుముకోకుండా “పన్నెండణాలు” అంది. దాన్నిబట్టి దారిలో తగ్గిందా పెరిగిందా కూడా తెలిసింది. పాత లెక్క ఎరిగిన వయసు వాళ్లకే ఇది, మిగతావాళ్లకు అక్కర్లేదు.

వీటన్నిటినీ తెలుగులో పెడితే బాగుంటుందని ఒక నైట్ డ్యూటీలో కూర్చుని ప్రయత్నించాను. బాధ, పడనివి, మాత్రలు, పాత జబ్బులు, తిండి, జరిగింది. మొదటి అక్షరాలు కలిపితే ఏ మాటా రాదు. బడిలో ఛందస్సుకు ‘యమాతారాజభానసలగం’ నేర్చుకున్నాం, గుర్తుందా? అందులో ఏ గణం అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు చూసినా ఆ గణం లఘువు గురువులు అక్కడే ఉంటాయి. య దగ్గర మొదలుపెడితే యమాతా, అదే యగణం. గుర్తుపెట్టుకునే మాటలోనే విషయమంతా ఉంది. శాంపిల్‌లో ఆ సుఖం లేదు, అక్షరం గుర్తున్నా దాని వెనక ప్రశ్నను వేరే గుర్తుపెట్టుకోవాలి. టెన్షన్‌లో ముందు పోయేది ఆ ప్రశ్నే. అందుకే నా మూడో కార్డులో ఇంగ్లిష్ అక్షరం పక్కన, నేను నిజంగా నోటితో అడిగే తెలుగు వాక్యం రాయించాను. ‘ఎల్: నోట్లోకి చివరగా ఏం పోయింది, టైమెంత?’ అని. ఎనిమిదేళ్లలో ఆ కార్డుకు నేను చేసిన పనికొచ్చే మార్పు ఇదొక్కటే.

ఇలాంటి కార్డు పెట్టుకోవచ్చా అని అడిగితే, నా పరిస్థితి చెప్పి అంతవరకే చెప్పగలను. నేను తిరిగేది కొండ కింద. ఉపవాసాలు, మొక్కులు, నడక, పొద్దున్నే వేసుకున్న బిళ్లలు నాకు దాదాపు రోజూ ఎదురవుతాయి, కాబట్టి నాకు ఎల్ అంత ముఖ్యమైంది. హైవే మీద యాక్సిడెంట్లే ఎక్కువగా చూసేవాళ్లకు ఇది వెనక వరసలోకి పోవచ్చు, తోటలు, పొలాల వైపు తిరిగేవాళ్లకు ‘ఈ’ అంతకంటే ముఖ్యం కావచ్చు. పది నిమిషాల్లో కేజువాలిటీకి చేరిపోయే దూరంలో ఆరు అక్షరాలూ అడిగే టైం కూడా దొరకదు.

నేను ఇప్పుడు స్పృహ తేడాగా ఉన్నవాళ్లకు ముందు స్ట్రిప్, ఆ వెంటనే ‘ఎల్’, ‘ఈ’ అడిగి, తర్వాతే మిగతావి అడుగుతున్నాను. ఈ మధ్య మా బండిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇదే చెప్పాను. రెండు వారాలు ప్రయత్నించి, “వరస మార్తే నాకు ఎం, పీ మర్చిపోతున్నాయన్నా, నేను శాంపిల్ శాంపిల్‌లాగే అడుగుతా” అంది. సరేనన్నాను. కార్డు మాత్రం నాది జిరాక్సు తీయించుకుంది, ఎర్ర గీతతో సహా.