జాగ్రత్త: స్విచ్ మాడ్యూల్ కొంటే ముందు పుల్-అప్ రెసిస్టర్ ఉందో లేదో చూసుకోండి

"పుల్-అప్ రెసిస్టర్ బోర్డు మీదే ఉంది" అని రాసి ఉంటే నమ్మి, ఆన్‌లైన్‌లో ఐదు స్విచ్ మాడ్యూళ్లు తెప్పించాను. స్విచ్ నొక్కనప్పుడు సిగ్నల్ పిన్‌ని పవర్ వైపు లాగి 1 దగ్గర నిలిపి ఉంచేదే పుల్-అప్ రెసిస్టర్. ఫొటోలో ఆర్1 దగ్గర రెసిస్టర్ స్పష్టంగానే ఉంది. నాకొచ్చిన ఐదింటిలోనూ ఆ చోటు బోసిగా ఉంది. విప్పగానే చూసుకోకపోవడం నా పొరపాటే.

మాడ్యూల్‌ని కంట్రోలర్ బోర్డు పిన్‌కి కలిపాక స్విచ్ ముట్టుకోకుండానే నొక్కినట్టు లెక్క పెరిగిపోతోంది. వైరు దగ్గరికి చెయ్యి పెడితే ఇంకా జోరు. తప్పు కోడ్‌లో ఉందనుకుని రెండు రాత్రులు కూర్చుని డీబౌన్స్ సమయాన్ని (నొక్కినప్పుడు స్విచ్ అదురుని లెక్కపెట్టకుండా ఆగే విరామాన్ని) 20 మిల్లీసెకన్ల నుంచి 200 దాకా పెంచాను. ఏం లాభం? స్విచ్ నొక్కనప్పుడు ఆ పిన్‌కి ఏ ఆధారమూ లేదు. చుట్టుపక్కల కరెంటు వైర్ల రొదంతా పట్టుకుని కాసేపు 1, కాసేపు 0 అంటోంది. దీనికి డీబౌన్స్ మందు కాదు.

సరే, విడిగా రెసిస్టర్లు పెడదామని ఇంకో చోట "10కె" (పది వేల ఓమ్‌లు) ప్యాకెట్ కొన్నాను. స్విచ్ నొక్కి పట్టుకుంటే రెసిస్టర్ చుర్రుమంది! చారలు చూస్తే గోధుమ, నలుపు, గోధుమ. అంటే 100 ఓమ్‌లు. 10కె అయితే మూడో చార నారింజ ఉండాలి. 5 వోల్టుల మీద 10కె గుండా పారేది అర మిల్లీ ఆంపియరే. 100 ఓమ్‌లలో 50 మిల్లీ ఆంపియర్లు పారాయి, అంటే పావు వాట్ వేడి. పావు వాట్ రెసిస్టర్‌కి అదే ఆఖరి హద్దు. పిన్ బతికిపోయింది, ఎందుకంటే ఆ కరెంటు స్విచ్ మీదుగా నేరుగా గ్రౌండ్‌కి పోతుంది.

మాడ్యూల్ రాగానే పవర్ ఇవ్వకముందే మల్టీమీటర్‌తో విసిసి (పవర్ పిన్), సిగ్నల్ పిన్‌ల మధ్య కొలవండి. దాదాపు 10కె చూపిస్తే మంచిది, ఏమీ చూపించకపోతే రెసిస్టర్ లేనట్టే. ఇప్పటికే కొనేసి ఉంటే ఆర్డ్యుయినో ఊనో బోర్డు కోడ్‌లో ఆ పిన్‌ని ఇన్‌పుట్_పుల్‌అప్‌గా పెడితే పని జరుగుతుంది, చిప్ లోపల 20 నుంచి 50కె దాకా రెసిస్టర్ ఉంటుంది. ఈఎస్‌పీ32 బోర్డులో మాత్రం 34 నుంచి 39 వరకు పిన్‌లకి ఆ సదుపాయం లేదు, బయట పెట్టాల్సిందే.

మాడ్యూళ్లు అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే "కొత్త బ్యాచ్ ఇలాగే వస్తోంది" అన్నారు. పేజీలో పాత ఫొటోనే ఇంకా ఉంది.